చిన్న చిన్న ఫిజోవాలు

ఆ ఏడాది ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా మా ఇంటిల్లిపాదీ ఒక్క విశేషణం కోసం ఎదురుచూశాం. నవ్వకండి. నిజంగా విశేషణం కోసమే.

2007 సంగతి ఇది. అప్పుడు మేం న్యూజీలాండ్‌లోని ఆక్లాండ్‌లో, మౌంట్ రాస్కిల్లో ఒక పాత చెక్క ఇంటి వెనక భాగంలో అద్దెకుండేవాళ్ళం. మేం అంటే నేను, మా ఆయన మధుసూదన్, తొమ్మిదేళ్ళ మా అమ్మాయి అక్షర. నరసరావుపేటలో జూనియర్ కాలేజీలో పదకొండేళ్ళు ఇంగ్లీషు పాఠాలు చెప్పిన ధీమాతో నేను ఈ దేశానికి చదువుకోడానికొచ్చాను. చదువైపోయింది. వీసా మే నెలాఖరు దాకా ఉంది. ఆలోపు నా చదువుకి తగ్గ ఉద్యోగం దొరికితే ఉండిపోతాం, లేకపోతే పెట్టె సర్దుకుంటాం. అంతవరకూ అంతా తేటగానే ఉంది.

ఉద్యోగం దొరికింది కూడా. సిటీలో ఒక పాత మేడ మూడో అంతస్తులో, పరాయి దేశాల వాళ్ళకి ఇంగ్లీషు నేర్పే చిన్న స్కూలు. ఆ కాగితం పట్టుకుని శాండ్రింగ్‌హామ్‌లో వీసా కాగితాలు చూసిపెట్టే వీరభద్రం గారి దగ్గరికి వెళ్ళాం. ఆయన ఆఫీసు ఒక ఇండియన్ కిరాణా కొట్టు మేడ మీద ఉండేది. మెట్లెక్కుతుంటే ఇంగువ వాసనొచ్చేది. కాగితం చూసి ఆయన కళ్ళజోడు నుదుటి మీదకి తోసుకున్నారు.

"క్యాజువల్ ట్యూటర్ అని ఉందేంటమ్మా?"

"అవునండీ, ట్యూటరే. నా చదువు కూడా అదే కదా."

"ట్యూటర్ సంగతి కాదమ్మా నేను చెప్పేది. దాని ముందున్న మాట చూడండి."

చూశాను. క్యాజువల్. ఇక్కడి వాళ్ళు నిక్కర్లు వేసుకుని ఆఫీసులకి వెళ్ళిపోతారు కదా, బట్టల గురించేమో అనుకున్నాను. ఆ మాటే అన్నాను కూడా. వీరభద్రం గారు మా ఆయన వంక జాలిగా చూశారు.

"క్యాజువల్ అంటే వాళ్ళు పిలిచినప్పుడు వెళ్ళాలి, పిలవకపోతే లేదు. ఈ మాట మీద మీ ఫైలు కదలదు. దాన్ని కొట్టేసి పర్మనెంట్ అని రాయించుకు రండి. ఆ ఒక్క మాటా తెచ్చుకోండి, మిగతాది నేను చూసుకుంటాను."

మెట్లు దిగుతూ మా ఆయన అన్నాడు. "నామవాచకం బాగానే ఉందన్నమాట. విశేషణంతోనే వచ్చింది తంటా." ఆయన లెక్కల మనిషి. వ్యాకరణం మాట ఆయన నోట వినడం అదే మొదలు.

స్కూలు నడిపేది హెదర్ అనే ఆవిడ. నెరిసిన పొట్టి జుట్టు, ఎండాకాలమంతా రబ్బరు చెప్పులు, ఎప్పుడూ చేతిలో చల్లారిపోయిన టీ కప్పు. పర్మనెంట్ గురించి అడిగితే ఆవిడ, "టర్మ్ చివర్లో ఒకరోజు వచ్చి నీ క్లాసులో కూర్చుంటాను, అప్పుడు చూద్దాం," అంది. దానికి ముందు "యే, నా" అని కూడా అంది. అవునూ కాదూ రెండూ ఒకే ఊపిరిలో అనేస్తే నేనేమనుకోవాలి? తలూపి వచ్చేశాను.

నాకిచ్చిన క్లాసులో పదకొండు మంది. ఇద్దరు ముగ్గురు కొలంబియా వాళ్ళు, మిగతా అంతా చిలీ వాళ్ళు. అందరిదీ స్పానిష్. అందరూ పాతికేళ్ళ లోపు వాళ్ళే, ఒక్క గ్రసియేలా తప్ప. ఆవిడకి యాభై ఆరు. కూతురు న్యూ లిన్‌లో కాపురం ఉంటోంది, ఆ కూతురి దగ్గరికొచ్చింది. మనవరాలు వెళ్ళే కిండర్‌గార్టెన్‌లో పిల్లలకి వండిపెట్టే మనిషి కావాలట. పై క్లాసుకి వెళ్ళినట్టు సర్టిఫికెట్ తెస్తే మే నెలలో ఉద్యోగం నీకే అన్నారట. ఇదంతా ఆవిడ నాకు మొదటి రోజే, సగం చేతులతో, సగం మాటలతో చెప్పింది.

మొదటి పాఠం విశేషణాలు. బుట్టలో ఆపిల్స్ పట్టుకెళ్ళి బల్ల మీద పెట్టి ఇవేమిటని అడిగాను.

"ఆపిల్స్ రెడ్స్," అంది క్లాసంతా ఒక్క గొంతుతో.

రెండు తప్పులు. వాళ్ళ భాషలో ముందు పండు వస్తుంది, వెనక రంగు వస్తుంది. పళ్ళు ఎక్కువైతే రంగుకి కూడా బహువచనం తగిలిస్తారు. బోర్డు మీద రెడ్ ఆపిల్ అని ఒకటి, రెడ్ ఆపిల్స్ అని ఒకటి రాశాను. రెడ్ ముందుండాలి, దానికి ఎస్ తగిలించకూడదు అని చెప్పాను. గ్రసియేలా చెయ్యెత్తింది.

"టీచర్. ఆపిల్స్, మెనీ. రెడ్ డస్ నాట్ నో?"

ఆపిల్స్ బోలెడున్నాయన్న సంగతి ఎరుపుకి తెలియదా అని ఆవిడ అనుమానం. ఇన్నేళ్ళలో నన్నెవరూ ఇంత చక్కటి ప్రశ్న అడగలేదు.

"తెలియదు," అన్నాను. "ఇంగ్లీషులో విశేషణానికి ఏమీ తెలియదు. ఒకటున్నా అంతే, వందున్నా అంతే. ఆడైనా అంతే, మగైనా అంతే."

ఆవిడ ఒప్పుకోలేదు. స్పానిష్‌లో అలసిపోయింది మొగుడైతే కన్సాడో, పెళ్ళామైతే కన్సాడా, ఇద్దరూ అయితే కన్సాడోస్ అని వేళ్ళ మీద చెప్పింది. ఇంగ్లీషులో ఊరికే టైర్డ్. "హూ ఈజ్ టైర్డ్? నోబడీ నోస్. పూర్ టైర్డ్!" అంటూ ఆ మాట మీద జాలిపడింది. క్లాసు పగలబడి నవ్వింది.

నాకు మాత్రం లోలోపల గర్వంగా ఉంది. ఎర్ర పండు, ఎర్ర పళ్ళు. మంచి అబ్బాయి, మంచి అమ్మాయిలు. మన విశేషణమూ మారదు, వాళ్ళదీ మారదు, రెండూ ముందే నిలబడతాయి. ఇంగ్లీషు వాళ్ళతో ఏదో దగ్గరి చుట్టరికం బయటపడినట్టు ఆ రోజంతా మురిసిపోయాను. ఇంటికెళ్ళి మా ఆయనకి కూడా చెప్పాను. ఆయన పప్పులో ఉప్పు చూస్తూ, "అయితే వీసా ఇచ్చేస్తారా?" అన్నాడు.

మార్చంతా అదే పని. తప్పులు దిద్దడం, మళ్ళీ చెప్పించడం. వాళ్ళ నోటు పుస్తకాల్లో ఎర్ర సిరాతో "ఓన్లీ స్మాల్ స్మాల్ మిస్టేక్స్, డోంట్ వర్రీ" అని రాసి ధైర్యం చెప్పేదాన్ని. గ్రసియేలాకి ఎస్ మెల్లిగా పోయింది కానీ ఇంకో చిక్కు మిగిలిపోయింది. ఆవిడ రోజూ క్లాసు మధ్యలో తల పట్టుకుని, "టీచర్, ఐ యామ్ కన్‌ఫ్యూజింగ్," అనేది.

"కన్‌ఫ్యూజ్డ్, గ్రసియేలా. కన్‌ఫ్యూజింగ్ అంటే నువ్వు నన్ను తికమక పెడుతున్నావని. కన్‌ఫ్యూజ్డ్ అంటే నువ్వే తికమక పడుతున్నావని."

"అండ్ యు?"

"నేనా?"

ఆ ఊళ్ళో నాకన్నా తికమక పడ్డ మనిషి ఎవరున్నారు గనక. ఒకరోజు హెదర్ దగ్గరికి వెళ్ళి, ఫొటోకాపియర్ గురించి నాకు "స్మాల్ స్మాల్ డౌట్స్" ఉన్నాయని చెప్పి, ఆవిడ చూపించినట్టు బొత్తాలు నొక్కాను. కాగితాలు టకటకా వచ్చాయి. ఆవిడ "స్వీట్ యాజ్!" అంది. నేను మిగతా మాట కోసం ఎదురుచూశాను. ఆవిడ టీ కప్పు తీసుకుని వెళ్ళిపోయింది.

ఇంటికెళ్ళి అక్షరని అడిగాను. అది ఇక్కడి బళ్ళో మూడేళ్ళుగా చదువుతోంది. మేం తెలుగులో అడిగితే ఇంగ్లీషులో జవాబు చెబుతుంది.

"స్వీట్ యాజ్ అంటే ఏంటే?"

"ఇట్స్ జస్ట్ స్వీట్ యాజ్, అమ్మా."

"అదే, దేనిలా స్వీటు? యాజ్ అన్నాక వెనక ఏదో ఒకటి రావాలి కదా."

"నథింగ్ కమ్స్. ఇట్ జస్ట్ స్టాప్స్."

మా ఆయన మధ్యలో దూరాడు. "బెల్లంలానా, తేనెలానా చెప్పకుండా మధ్యలో వదిలేస్తే ఎలాగే? సగం వాక్యం మీద జీతమిస్తారా మీ అమ్మకి?"

"నాన్నా, యు ఆర్ సో కన్‌ఫ్యూజింగ్," అంది అక్షర. అది మాత్రం సరిగ్గానే అంది.

ఏప్రిల్ వచ్చేసరికి పొద్దున్నపూట చలి మొదలైంది. మా ఇంటి ముందు భాగంలో ఉండే ముసలావిడ పెరట్లో ఫిజోవా చెట్టుంది. ఆ కాయలు పచ్చగా, కోడిగుడ్డంత ఉంటాయి. సగానికి కోసి చెంచాతో గుజ్జు తీసుకుని తినాలి. మొదటిసారి తిన్నప్పుడు నాకు అది జామకాయో, అనాసో, పళ్ళు తోముకునే పేస్టో తెలియలేదు. ఆ నెలలో ఈ దేశంలో ఎవరింటికెళ్ళినా సంచినిండా ఇచ్చేస్తారు, వద్దన్నా వినరు. ముసలావిడ కూడా మా గుమ్మం ముందు సంచి పెట్టేసి వెళ్ళిపోయేది.

హెదర్ నా క్లాసుకి వస్తానన్నది ఈస్టర్ సెలవుల ముందు బుధవారం. ఆ పొద్దున నేను ఇస్త్రీ చీర కట్టుకుని, ఫిజోవాల సంచి పట్టుకుని డొమినియన్ రోడ్డు బస్సెక్కాను. మా ఆయన గుమ్మం దాకా వచ్చి, "నామవాచకం మన చేతిలో ఉంది. విశేషణం పట్టుకురా," అన్నాడు. నవ్విద్దామని అన్నాడు కానీ ఆయన మొహంలో నవ్వు లేదు.

హెదర్ వెనక బెంచీలో కూర్చుంది, ఒళ్ళో నోటు పుస్తకం. నేను ఫిజోవాలు గిన్నెలో పోసి బల్ల మీద పెట్టాను. ఆ రోజు పాఠం విశేషణాల వరస. ముందు సైజు, తర్వాత రంగు, ఆ తర్వాత ఏ దేశానిదో. ఒక్కొక్కరూ లేచి ఒక వాక్యం చెప్పాలి.

కొలంబియా అమ్మాయి కామిలా లేచింది. "ఐ సీ స్మాల్ స్మాల్ గ్రీన్ ఫిజోవాస్."

ఎస్ లేదు! వరస తప్పలేదు! నాకు ఎగిరి గంతేయాలనిపించింది. రెండో అతను లేచి, "స్మాల్ స్మాల్ గ్రీన్ న్యూజీలాండ్ ఫిజోవాస్," అన్నాడు. మూడో అమ్మాయి కిటికీలోంచి చూపించి, "బిగ్ బిగ్ వైట్ హౌసెస్," అంది. నేను ఒక్కొక్కరికీ "వెరీ గుడ్" అంటూ పోతున్నాను. వెనక బెంచీలో హెదర్ పెన్ను ఆగిపోయింది.

"సారీ, ఒక్క మాట," అంది. "స్మాల్ స్మాల్. బిగ్ బిగ్. రెండుసార్లు ఎందుకంటున్నారు?"

క్లాసు మొత్తాన్నీ చూస్తూ హెదర్ మళ్ళీ అడిగింది.

"స్పానిష్‌లో అలా అంటారా?"

పదకొండు తలలూ నా వైపు తిరిగాయి. అప్పుడు వినపడింది నాకు. అంతసేపూ వాళ్ళ నోటి నుంచి వస్తున్నది నా గొంతే. చిన్న చిన్న. పెద్ద పెద్ద. ఒక ఉల్లిపాయ అయితే చిన్న ఉల్లిపాయ, బోలెడయితే చిన్న చిన్న ఉల్లిపాయలు. ఎరుపుకి ఏమీ తెలియదని పాఠం చెప్పిన దాన్ని, నా నాలుకకి మాత్రం అన్నీ తెలుసు. వాళ్ళు ఎస్ వదిలేశారు. వదిలేశాక ఆ బహువచనాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక, నేను నా మాటల్లో ఎక్కడ పెడుతున్నానో అక్కడే పెట్టారు. శ్రద్ధగా నేర్చుకున్నారు పాపం. నా తెలుగునే నేర్చుకున్నారు.

పర్మనెంట్ అన్న మాట గిన్నెలో ఫిజోవాల పక్కనుంచి లేచి గుమ్మం దాటి వెళ్ళిపోతున్నట్టు అనిపించింది.

"యెస్," అంది గ్రసియేలా.

అందరం ఆవిడ వంక చూశాం. లేచి నిలబడి, చేతులు కట్టుకుని, హెదర్ కళ్ళల్లోకి చూస్తూ చెప్పింది. "స్పానిష్. ఇన్ చిలే, మై మదర్, ఆల్వేస్ స్మాల్ స్మాల్. ఐ సే ఇన్ క్లాస్, దే కాపీ మీ. సారీ, టీచర్."

చిలీ నుంచే వచ్చిన మిగతా వాళ్ళు నోళ్ళు తెరిచారు. కామిలా ఏదో అనబోయింది. గ్రసియేలా స్పానిష్‌లో ఒక్క మాటంది, కామిలా కూర్చుంది. నేను బోర్డు వైపు తిరిగి డస్టర్ తీసుకుని, తుడవాల్సినదేమీ లేకపోయినా తుడిచాను.

"ఇంటరెస్టింగ్," అంది హెదర్, రాసుకుంటూ. వెళ్ళేటప్పుడు "గుడ్ యాజ్" అంది. దేనంత గుడ్డో ఆ రోజు కూడా చెప్పలేదు.

ఇంటికెళ్ళి జరిగింది చెప్పాను. అక్షర సోఫా మీద పడి దొర్లింది.

"అమ్మా, యు సే ఇట్ ఆల్ ద టైమ్! కట్ ఇట్ ఇన్ స్మాల్ స్మాల్ పీసెస్. ఈట్ ఇట్ హాట్ హాట్. డిఫరెంట్ డిఫరెంట్ కలర్స్. మై ఫ్రెండ్స్ లవ్ ఇట్."

"నీ ఫ్రెండ్స్‌కి కూడా తెలుసా? మరి నాకెందుకు చెప్పలేదే?"

"ఐ థాట్ యు న్యూ. యు ఆర్ ది ఇంగ్లీష్ టీచర్."

మా ఆయన గంభీరంగా అడిగాడు. "వేడి వేడిగా తినమనడానికి మరి ఏమనాలి?"

"హాట్," అంది అక్షర.

"ఒక్క హాటేనా? చల్లారిపోదూ?"

నాకు నవ్వు రాలేదు. నరసరావుపేటలో పదకొండేళ్ళు ఎంతమంది పిల్లలకి స్మాల్ స్మాల్ నేర్పి పంపానో తలుచుకుంటే ఒళ్ళు జలదరించింది. గురివింద గింజకి తన కింద నలుపు తెలియదని మా నాన్న అనేవాడు. ఆ గింజకి ఎమ్మే డిగ్రీ కూడా ఉందని ఆయనకి తెలియదు.

"ఆవిడెవరో పుణ్యం కట్టుకుంది," అన్నాడు మా ఆయన, ఈసారి మెల్లిగా. "లెటర్ చేతికొచ్చేదాకా నోరు మెదపకు."

మెదపలేదు. ఈస్టర్ సెలవులు గడిచాయి. తిరిగి వెళ్ళిన రోజు హెదర్ నాకు కాగితాలిచ్చింది. ఎవరెవరు పై క్లాసుకి వెళ్ళాలి, ఎవరు ఇక్కడే ఉండాలి అన్న ఫారాలు. పది మందికి పై క్లాసు అని పెన్సిల్‌తో టిక్కు పెట్టేసి ఉంది. గ్రసియేలాది మాత్రం ఇంకో టర్మ్ ఇక్కడే.

"పిల్లలు వదిలేస్తారు. ఆవిడకది తల్లి నుంచి వచ్చిన అలవాటు కదా, ఆ వయసులో అంత తొందరగా పోదు. పైవాళ్ళకి కూడా అంటిస్తుంది. కారణం నువ్వు రాసి సంతకం పెట్టు. శుక్రవారం ఇస్తే చాలు. నీ కాంట్రాక్టు సంగతి కూడా శుక్రవారమే చూస్తున్నాను," అంది హెదర్.

మెట్ల దగ్గర గ్రసియేలా కనపడితే చెప్పాను. చెప్పకుండా ఎలా ఉండను? ఆవిడ చేతిసంచి ఒక భుజం నుంచి ఇంకో భుజానికి మార్చుకుంది. కిండర్‌గార్టెన్ వాళ్ళు మే దాటితే ఆగరని నాకు తెలుసు, ఆవిడకీ తెలుసు.

"ఓకే," అంది. "ఐ యామ్ డిసపాయింటింగ్."

"డిసపాయింటెడ్," అని దిద్దాను, అలవాటు కొద్దీ. ఆవిడ "డిసపాయింటెడ్," అని బుద్ధిగా అప్పజెప్పి దిగి వెళ్ళిపోయింది. దిద్దిన తర్వాత అక్కడే నిలబడిపోయాను. ఆవిడ పారేసిన మాట నాకు సరిగ్గా సరిపోయింది. డిసపాయింటింగ్ నేను. నాకు సిగ్గేసింది. చాలా సిగ్గేసింది.

శుక్రవారం పొద్దున బస్సులో ఒళ్ళో ఫైలు పెట్టుకుని ఫారం తీశాను. పై క్లాసు అని నేనే టిక్కు పెట్టాను. కారణం అన్నచోట ముందు "మదర్ టంగ్" అని రాశాను. బస్సు రెండు స్టాపులు వెళ్ళింది. ఆ మాట ముందు "టీచర్స్" అని చేర్చాను. టీచర్ మాతృభాష. కింద ఇంకా రాశాను. నా భాషలో వస్తువులు ఎక్కువగా ఉంటే విశేషణాన్ని రెండుసార్లు అంటాం. నేను అలా అంటున్నానని నాకే తెలియలేదు. ఫిబ్రవరికి ముందు గ్రసియేలా ఈ తప్పు ఎప్పుడూ చేసి ఉండదు. ఇది ఆమె తల్లి మాట కాదు, నా తల్లి మాట. బస్సు కుదుపులకి అక్షరాలు కాకి కాళ్ళూ పిచ్చిక కాళ్ళూ అయ్యాయి కానీ చదవడానికి వీలుగానే ఉన్నాయి.

హెదర్ నిలబడే చదివింది. రెండోసారి చదివింది. తలెత్తి నా వంక కాదు, మూలనున్న ఫొటోకాపియర్ వంక చూసింది.

"స్మాల్ స్మాల్ డౌట్స్," అని గొణుక్కుంది.

నేను చేతులు కట్టుకుని నిలబడ్డాను. ఆవిడ పెదాలు వణికాయి. అది నవ్వో, కోపమో తెలియలేదు. "యే, నా," అంది. తర్వాత, "స్వీట్ యాజ్," అంది. అంతలో ఫోను మోగింది. ఆవిడ ఫోనెత్తుతూ నన్ను వెళ్ళమన్నట్టు చెయ్యూపింది, లేదా ఈగని తోలింది.

సాయంత్రం ఇంట్లో ఫారం సంగతి ఎత్తగానే మా ఆయన చొక్కా గుండీలు పెట్టుకుంటూ ఆగిపోయాడు. "చెప్పేశావా?"

"చెప్పేశానండీ."

ఆయన గుండీలు వదిలేసి కుర్చీలో కూర్చున్నాడు.

"ఆవిడ యే అందా, నా అందా?"

"రెండూ అంది."

"ముందేది అంది?"

"యే."

"ఆఖరున?"

"నా. కానీ దాని తర్వాత స్వీట్ యాజ్ అంది."

"అందులో స్వీట్ ముందుంది, యాజ్ వెనకుంది," అని ఆయన వేళ్ళు మడిచాడు. ఏమీ తేలలేదు. వీరభద్రం గారికి ఫోన్ చేశాడు. ఆయన అటునుంచి నిట్టూర్చడం నాక్కూడా వినపడింది.

"ఈ దేశమొచ్చి ఎనిమిదేళ్ళయిందండీ. వీళ్ళు ఔనన్నారో కాదన్నారో, కాగితం వచ్చేదాకా నాకూ తెలీదు."

శని ఆదివారాల్లో గుమ్మం ముందు సంచిలో ఫిజోవాలు మెత్తబడిపోయాయి. మా ఆయన అటక మీది సూట్‌కేసు దించి, దుమ్ము తుడిచి, మళ్ళీ పైన పెట్టేశాడు. సోమవారం స్కూల్లో హెదర్ కనపడలేదు, ఏదో మీటింగుకి వెళ్ళిందన్నారు. గ్రసియేలా ఎప్పట్లాగే ముందు బెంచీలో కూర్చుని "స్మాల్ ఫిజోవాస్" అని ఒక్కసారే, తడుముకుంటూ చెప్పింది. నేను అందరికీ అదే చెప్పించాను. వాళ్ళు ఒక స్మాల్ దగ్గర ఆగేవాళ్ళు, రెండోది గొంతులో అడ్డం పడ్డట్టు మింగేవాళ్ళు.

మంగళవారం పోస్టులో కవరొచ్చింది. అక్షర పరిగెత్తుకుంటూ తెచ్చింది. మా ఆయన చింపాడు. ఆయన ఇంగ్లీషు చదివేటప్పుడు ఒక్కొక్క మాట మీదా కాలు మోపి నడుస్తాడు.

"పర్మనెంట్," అన్నాడు. ఆగాడు. మళ్ళీ మొదటి నుంచి చదివాడు. "పర్మనెంట్ ఫుల్ టైమ్ ఇంగ్లీష్ లాంగ్వేజ్ ట్యూటర్. నిరుపమా, ఒకటి కాదు, ఎన్ని ఇచ్చిందో చూడు!"

నేను కాగితం లాక్కుని చూశాను. మాటల వరస సరిగ్గా ఉందో లేదో చూశానంటే నమ్ముతారా? సరిగ్గానే ఉంది. అప్పుడు ఏడ్చాను. అక్షర నా మెడ పట్టుకుంది. మా ఆయన వీరభద్రం గారి నంబరు నొక్కబోయి రెండుసార్లు తప్పు నొక్కాడు.

కాగితం అడుగున హెదర్ చేత్తో ఒక ముక్క రాసింది. మెనీ మెనీ థాంక్స్ అని. రెండు మెనీలు. స్మాల్ రెండుసార్లు అంటే తప్పయినప్పుడు, మెనీ రెండుసార్లు ఎలా ఒప్పయింది? నా గ్రామర్ పుస్తకాలన్నీ దించి వెతికాను. లేదు. అక్షరని అడిగితే, "దట్ వన్ ఈజ్ ఫైన్, అమ్మా," అంది. ఎందుకే అంటే, "జస్ట్ ఈజ్," అంది.

టర్మ్ ఆఖరి రోజున గ్రసియేలా సర్టిఫికెట్ చూపించడానికి వచ్చింది. పై క్లాసు. మే మొదట్లో కిండర్‌గార్టెన్‌లో చేరుతుందట. కూతురి పెరట్లోవని ఒక సంచెడు ఫిజోవాలు నా బల్ల మీద పెట్టింది. మా ఇంట్లో అప్పటికే మూడు సంచులున్నాయి. వద్దనలేదు.

ఎన్నాళ్ళ నుంచో నోట్లో ఆడుతున్న మాట అడిగేశాను. "ఆ రోజు అబద్ధం ఎందుకు చెప్పావు, గ్రసియేలా? దానివల్ల నీ ఉద్యోగం పోయేది."

ఆవిడ భుజాలెగరేసింది. ఒక వేలెత్తి చూపించింది.

"ఇట్ వాజ్ ఎ స్మాల్ లై, టీచర్. వన్ లై, సో వన్ స్మాల్." రెండో వేలు కూడా ఎత్తింది. "టూ లైస్, అప్పుడు స్మాల్ స్మాల్. నో?"

ఆ "అప్పుడు" తెలుగులోనే అంది. అది కూడా నా దగ్గరే నేర్చుకుని ఉంటుంది.

నవ్వాను. నవ్వుతూనే లెక్కపెట్టాను. ఆవిడ అన్నది ఒకటి. అది విని, బోర్డు వైపు తిరిగి, తొమ్మిది రోజులు నోరు మూసుకుని నేను చెప్పింది ఇంకొకటి.

"స్మాల్ స్మాల్, గ్రసియేలా," అన్నాను.

ఆవిడ రెండో వేలు మడవకుండానే, సంచిలోంచి ఒక ఫిజోవా తీసి నా చేతిలో పెట్టింది.